అద్దం పోయింది, మౌంట్ మారింది: కువైట్ నుంచి ఒక చిన్న కెమెరా చరిత్ర

ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్లకు టాపిక్ తెలుసు, కెమెరా. డ్యూటీల మధ్య వినే టైము దొరకనోళ్ల కోసం, "ఆ నంబర్లన్నీ ఒకచోట రాసి పెట్టన్నా" అని మెసేజ్ పెట్టినోళ్ల కోసం ఇక్కడ రాతలో పెడుతున్నాను. మాట్లాడేటప్పుడు గబగబా దాటేసినవి కొన్ని ఇక్కడ నిదానంగా చెప్పాను.

ప్రశ్న మహబూలా నుంచి ఒక తమ్ముడు పంపింది. ఎవరో ఊరెళ్లిపోతూ పాత క్యానన్ ఎం50 అమ్ముతున్నారట. షోరూములో కొత్త ఆర్100 ఉందట. ఇతను ఇంకో ఏడాదిలో వీసా క్యాన్సిల్ చేసుకుని వెళ్లిపోయి, ఊర్లో పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు మొదలుపెడదామని చూస్తున్నాడు. "కొత్తది కొత్తదే కదన్నా, ఐదేళ్ల తర్వాత వచ్చిన మోడల్ కదా" అన్నాడు. అక్కడే నేను ఆగాను. ఎందుకంటే ఈ రెండు కెమెరాల విషయంలో సంవత్సరం చూసి కొంటే దెబ్బ తింటాం. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

ఎంత వెనక్కి అంటే, చమురు లేని కువైట్ దాకా. 1909 నుంచి ఇక్కడ బ్రిటిష్ పొలిటికల్ ఏజెంటుగా ఉన్న కెప్టెన్ షేక్స్‌పియర్ గాజు పలకల కెమెరాతో ఈ ఊరినీ ఎడారినీ తీశాడు. 1910లో ఇబ్న్ సౌద్ కువైట్ వచ్చినప్పుడు ఆయన్ని ఫొటో తీసింది ఈయనే. తర్వాత 1938-39లో అలన్ విలియర్స్ అనే ఆస్ట్రేలియా నావికుడు 'బయాన్' అనే కువైట్ తెరచాప ఓడలో ఏడెన్ దగ్గర ఎక్కి, జాంజిబార్ తిరిగి కువైట్ దాకా వచ్చాడు. ముత్యాల కోసం నీళ్లలో దూకేవాళ్లనూ, తెడ్లు వేసేవాళ్లనూ వందల ఫొటోలు తీశాడు. ఆ ఓడలకు కావాల్సిన టేకు మన మలబారు తీరం నుంచే వచ్చేది. 1961లో దినార్ వచ్చేదాకా ఇక్కడ చెల్లింది కూడా రూపాయే. ఇప్పుడు మనం దినార్లను రూపాయల్లోకి లెక్కేసుకుంటూ రోజులు గడుపుతున్నాం, అది వేరే సంగతి.

ఆ పాత ఫొటోల్లో నాకు ఎప్పుడూ తట్టేది ఒకటే. పని చేసేవాడు ఫొటోలో ఉంటాడు, కెమెరా మాత్రం ఇంకొకరి చేతిలో ఉంటుంది.

మనోళ్లు కడప, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి రావడం మొదలుపెట్టాక కూడా చాలాకాలం అదే కథ. ఫొటో అంటే స్టూడియోకి వెళ్లి, వెనక పరదా వేసి, ఇస్త్రీ చొక్కాలో నిలబడి తీయించుకునేది. ఆ ఫొటో ఉత్తరంలో పెట్టి, ఊరెళ్లే మనిషి చేతికిచ్చి పంపాలి. "బాగున్నాను" అని చెప్పడానికి ఆ ఒక్క ఫొటోయే సాక్ష్యం. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లకైతే అదీ కష్టమే. బయటికి పంపితే కదా స్టూడియో! తర్వాత సెలవుకు వెళ్లేవాళ్ల సూట్‌కేసులో టూ-ఇన్-వన్ పక్కన యాషికా కెమెరా కూడా చేరింది. 36 ఫొటోల రీలు. పెళ్లికి ఒక రీలు, దేవుడి దగ్గర మొక్కుకు నాలుగు ఫొటోలు, మిగిలింది పిల్లలకు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు చేతికి అందిన సంచితో అమ్మాన్ దారి పట్టినవాళ్లలో ఎంతమంది ఆల్బములు ఇక్కడే వదిలేశారో. ఎయిర్ ఇండియా లక్షా డెబ్భై వేల మందికి పైగా మనుషుల్ని ఇంటికి చేర్చింది. ఫొటోల్ని ఎవరు చేరుస్తారు?

ఇక అద్దం సంగతికి వద్దాం. పెళ్లిళ్లలో చూసే పెద్ద కెమెరా, అదే ఎస్‌ఎల్‌ఆర్, లోపల ఏటవాలుగా ఒక అద్దం ఉంటుంది. లెన్సులోంచి వచ్చిన వెలుతురు ఆ అద్దం మీద పడి, పైన ఉన్న పట్టకంలోంచి మన కంటికి చేరుతుంది. బటన్ నొక్కగానే అద్దం 'టక్'మని పైకి లేస్తుంది, వెలుతురు ఫిల్ము మీదో సెన్సార్ మీదో పడుతుంది. ఆ అద్దం కదలడానికి చోటు కావాలి కాబట్టి లెన్సు మౌంటుకీ సెన్సార్‌కీ మధ్య దూరం ఎక్కువ. క్యానన్ ఈఎఫ్ మౌంటులో అది 44 మిల్లీమీటర్లు. అద్దం తీసేసి, సెన్సార్ చూసేదాన్నే నేరుగా స్క్రీన్ మీద చూపిస్తే ఆ దూరం 18, 20 మిల్లీమీటర్లకు దిగుతుంది. కెమెరా చిన్నదవుతుంది. మిర్రర్‌లెస్ అంటే ఇంతే.

2008 సెప్టెంబరులో పానాసోనిక్ జీ1 తో ఈ రకం మామూలు కొనుగోలుదారు దాకా వచ్చింది. 2009లో ఒలింపస్, 2010 మొదట్లో సామ్‌సంగ్, అదే ఏడు మేలో సోనీ నెక్స్-3, నెక్స్-5. సరిగ్గా ఆ ఏడాది నవంబరులో కువైట్‌లో ఒక గమ్మత్తు జరిగింది. పబ్లిక్ ప్లేసుల్లో జర్నలిస్టులు తప్ప మిగతావాళ్లు డీఎస్‌ఎల్‌ఆర్ వాడకూడదని మూడు మంత్రిత్వ శాఖలు కలిసి నిషేధం పెట్టాయని కువైట్ టైమ్స్ రాసింది. మొబైలు కెమెరాలు, చిన్న డిజిటల్ కెమెరాలు పర్వాలేదట. వార్త ప్రపంచమంతా పాకింది. కొద్ది రోజుల్లోనే ఆ పత్రికే వార్త తప్పనీ, సరిచూసుకోకుండా వేశామనీ వెనక్కి తీసుకుంది.

నేను అప్పటికి వచ్చి ఏడాది. మా గదిలో ఒక అన్న దగ్గర డీఎస్‌ఎల్‌ఆర్ ఉండేది. వార్త చదివి దాన్ని లుంగీలో చుట్టి మంచం కింద పెట్టేశాడు. వార్త తప్పని తెలిశాక కూడా మూడు నెలలు బయటికి తీయలేదు. అతన్ని చూసి నవ్విన వాళ్లున్నారు, నాకైతే నవ్వు రాలేదు. బతాకా మీద బతికేవాడికి పుకారైనా చట్టమే. అయితే ఆ వార్తలో ఒక తమాషా ఉంది. అది నిజమే అయ్యుంటే మిర్రర్‌లెస్ ఏ లెక్కలోకి వచ్చేది? లెన్సు మారుతుంది, సెన్సార్ పెద్దది, అయినా అద్దం లేదు కాబట్టి డీఎస్‌ఎల్‌ఆర్ కాదు. చూడ్డానికి చిన్న కెమెరా. ఆపిన పోలీసాయనకు ఇదంతా అరబీలో చెప్పి ఒప్పించాలన్నమాట!

(నిషేధం అబద్ధం. కానీ మనుషుల్ని, ముఖ్యంగా ఆడవాళ్లనీ కుటుంబాలనీ అడక్కుండా తీయడం, మిలిటరీ, ఆయిల్, ఎయిర్‌పోర్టు, పోలీసు చోట్ల కెమెరా ఎత్తడం నిజంగానే చిక్కు. కెమెరా ఏదైనా సరే.)

క్యానన్ ఈ ఆటలోకి ఆలస్యంగా వచ్చింది. 2012 జులైలో ఈఓఎస్ ఎం అని, 18 మెగాపిక్సెళ్లది. ఫొటో బాగుండేది, ఫోకస్ మాత్రం ఎద్దుబండి. ఏడాది తిరిగేసరికి అమెరికాలో రేటు 799 డాలర్ల నుంచి 299కి పడిపోయింది, అప్పటి లెక్కలో 85 దినార్లు. అద్దం తీసేసిన కెమెరాల తొలి రోగం ఈ ఫోకసే. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోకస్‌కి విడిగా ఒక సెన్సార్ ఉండేది, మిర్రర్‌లెస్‌లో ఫొటో తీసే సెన్సారే ఫోకస్ కూడా వెతుక్కోవాలి. ముందుకూ వెనక్కూ జరిగి తడుముకుంటుంది. 2013లో క్యానన్ డ్యూయల్ పిక్సెల్ పద్ధతి తెచ్చింది. ఒక్కో పిక్సెల్‌ని రెండుగా చీల్చి, ఆ రెండు సగాలూ చూసేదాంట్లో తేడాని బట్టి లెన్సు ఎటు, ఎంత కదలాలో లెక్కకడుతుంది. తడుముకోవడం పోయింది.

అది చిన్న కెమెరాలోకి పూర్తిగా దిగి, తిప్పుకునే టచ్ స్క్రీన్, మైకు పెట్టుకునే రంధ్రం, కంటికి ఆనించుకునే వ్యూఫైండర్ అన్నీ కలిసి వచ్చిందే 2018 ఫిబ్రవరి నాటి ఎం50. 24 మెగాపిక్సెళ్లు, డిజిక్ 8 ప్రాసెసర్. గల్ఫ్ జీవితాన్ని యూట్యూబులో చూపించాలనుకున్న మనోళ్లకు ఇది బాగా కుదిరింది. పాత ఫొటోల్లో కెమెరా వెనకాల లేని మనిషి ఇప్పుడు కెమెరా వెనకా ముందూ కూడా తనే.

కానీ ఎం50 వచ్చిన ఏడు నెలలకే, 2018 సెప్టెంబరులో, క్యానన్ ఇంకో కొత్త మౌంట్ తెచ్చింది, ఆర్‌ఎఫ్. మొదట ఖరీదైన పెద్ద కెమెరాలకు, 2022లో చిన్న సెన్సార్ వాటికి కూడా. 2023లో ఆర్50, ఆర్100 వచ్చాయి, ఎం కుటుంబం మూతపడింది. ఎం లెన్సు ఆర్‌కి పట్టదు, ఆర్ లెన్సు ఎం కి పట్టదు. అడాప్టరూ లేదు.

మన భాషలో చెప్తాను. మౌంట్ అంటే కఫీల్. కెమెరా కొన్న రోజు ఎవరి కింద చేరామో లెన్సులన్నీ వాళ్ల కిందే. ఎం కంపెనీ మూసేశారు, అందులోని లెన్సులకు రిలీజ్ ఇవ్వలేదు. ఆర్‌ఎఫ్ కూడా మొదట్లో గట్టి కఫీలే. సిగ్మా, టామ్రాన్ లాంటి బయటి కంపెనీల చిన్న లెన్సులకు 2024లో గానీ తలుపు తెరవలేదు. సోనీ ఆ పని 2011లోనే చేసింది, అందుకే 2014 నాటి ఏ6000 పట్టుకున్నవాడికి ఇవాళ్టికీ చవక లెన్సులు దొరుకుతున్నాయి. దానికి మైకు రంధ్రం లేదు, 4కె లేదు, టచ్ లేదు. ఫొటోలకైతే ఇంకా దిట్టమైన బండే.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్న. ఆర్100 పుట్టింది 2023లో అయినా లోపల ఉన్నది ఎం50 తరం ప్రాసెసరే, అదే డిజిక్ 8. 4కె వీడియో పెడితే రెండింట్లోనూ అంచులు కోసుకుపోతాయి, డ్యూయల్ పిక్సెల్ ఫోకస్ ఆగిపోయి పాత తడుములాట మళ్లీ మొదలవుతుంది. ఎం50తో వచ్చే 15 మిల్లీమీటర్ల లెన్సు 4కెలో 38 లాగా చూపిస్తుంది. చిన్న కల్యాణ మండపంలో వెనక్కి జరగడానికి చోటెక్కడిది? పైగా ఆర్100 స్క్రీన్ తిరగదు, టచ్ కూడా లేదు. అంటే ఐదేళ్ల తర్వాత వచ్చినది ఐదేళ్ల ముందుదానికన్నా చేతికి తక్కువ. దాని బలం ఒక్కటే, మౌంట్ బతికి ఉంది.

నిజంగా కొత్త తరం అంటే ఆర్50. 4కె మొత్తం సెన్సార్‌తో తీస్తుంది, ఫోకస్ మనిషి కన్ను వదలదు. ఎం50 వీడియో 29 నిమిషాల 59 సెకన్లకు టక్కున ఆగిపోతుంది. జీలకర్ర బెల్లం నుంచి మంగళసూత్రం దాకా ఒకే షాట్ అనుకున్నవాడికి అది ప్రాణం మీదికి తెస్తుంది. ఆర్50 గంట దాకా పోతుంది. ఒక లోటు, ఫ్లాష్ పెట్టే చోట పాత పిన్నులు లేవు, ఊర్లో ఉన్న పాత ఫ్లాష్ వాడాలంటే అడాప్టర్ కొనాలి. కార్డు స్లాటు మూడింటికీ ఒక్కటే. పెళ్లి మధ్యలో కార్డు చెడితే మళ్లీ తాళి కట్టించలేం కదా.

డబ్బు సంగతి. వచ్చినప్పుడు అమెరికా రేటు కిట్ లెన్సుతో ఆర్100కి 600 డాలర్లు, ఆర్50కి 800. దినార్లలో సుమారు 184, 245. ఇక్కడి షోరూముల్లో అటూ ఇటూ ఉంటుంది. 2016లో ఇంటిపనివాళ్లకు కువైట్ ప్రకటించిన కనీస జీతం నెలకు 60 దినార్లు. ఆ జీతగాళ్లకు ఒకటి మూడు నెలల కష్టం, ఇంకోటి నాలుగు నెలలు. అందుకే నేను "కొనేయ్, ఏముంది" అనలేను.

నా లెక్క ఇది. డబ్బు సరిపోతే ఆర్50. సరిపోకపోతే, ఎం50 నిజంగా చవకగా వస్తే అదే తీసుకో, ఆర్100 జోలికి పోకు. కానీ ఎం లెన్సులు ఇంకొక్కటి కూడా కొనొద్దు. ఈఎఫ్ అడాప్టర్ ఒకటి, పాత ఈఎఫ్ 50 ఎంఎం ఎఫ్1.8 ఒకటి తీసుకో. మన ఊళ్లలో ఫొటోగ్రాఫర్ల దగ్గర ఈఎఫ్ లెన్సులు అద్దెకైనా దొరుకుతాయి, రేపు ఆర్‌కి మారినా ఇంకో అడాప్టర్‌తో అవే పనిచేస్తాయి. అద్దం కెమెరా కాలం నాటి ఆ లెన్సుకే అన్నిచోట్లా రిలీజ్ ఉంది.

డబ్బులు ఇచ్చే ముందు ఒక పని. ఈ కెమెరాల్లో లెన్సు తీస్తే సెన్సార్ బట్టబయలే, అడ్డంగా అద్దం కూడా లేదు. కువైట్ దుమ్ము మీకు చెప్పక్కర్లేదు. ఎఫ్16 పెట్టి ఖాళీ ఆకాశాన్ని ఒక ఫొటో తీసి, పెద్దది చేసి చూడండి, మచ్చలుంటే బేరం ఆడండి. బ్యాటరీ బయటికి తీసి ఉబ్బిందేమో చూడండి. మిత్రిబాలో 2016 జులైలో 53.9 డిగ్రీలు కొట్టిన దేశం ఇది, కారు డ్యాష్‌బోర్డు మీద వేసవంతా పడున్న కెమెరా కూడా అమ్మకానికి వస్తుంది. పెట్టె, బిల్లు అడిగి తీసుకోండి, ఊర్లో దిగినప్పుడు కస్టమ్స్ దగ్గర అవే మాట్లాడతాయి.