యమహా ఆర్.డి.350

యమహా ఆర్.డి.350 జపాను దేశానికి చెందిన యమహా సంస్థ 1973 నుండి 1975 వరకు తయారుచేసిన మోటారు సైకిలు. ఇది ఆర్5 అను నమూనా స్థానంలో వచ్చినది. దీని ఆధారంగా ఎస్కార్ట్స్ సంస్థ 1983లో భారతదేశంలో రాజ్‌దూత్ 350ను విడుదల చేసినది.

ఇంజను

ఇందు గాలితో చల్లబడే రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజను కలదు. సిలిండరు వ్యాసము 64 మి.మీ., పిస్టను కదిలే దూరము 54 మి.మీ., మొత్తం ఘనపరిమాణము 347 ఘ.సెం.మీ. గేర్లు ఆరు. నిమిషానికి 7,500 భ్రమణాల వద్ద 39 అశ్వశక్తి లభించునని సంస్థ ప్రకటించినది.

ఆర్5 ఇంజనులో ప్రవేశ రంధ్రాన్ని పిస్టనే తెరచి మూసేది. అటువంటి ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు పెట్రోలు, గాలి మిశ్రమము కొంత కార్బురేటరు వైపు వెనుకకు పోవును. ఆర్.డి.350లో ఈ మార్గమున రీడ్ వాల్వు అమర్చబడినది. ఇందలి పలుచని రేకులు లోపలి పీడనము తగ్గినపుడు తెరచుకొని, పెరిగినపుడు మూసుకొనును. అందువలన తక్కువ వేగములోను ఇంజను బాగా లాగును.

ఆటోలూబ్ పద్ధతిలో ఆయిలుకు వేరే ట్యాంకు ఉండును. ఇంజను వేగమును, ఆక్సిలేటరు తిప్పిన మేరను బట్టి పంపు ఆయిలును అందించును. పెట్రోలులో ఆయిలు కలుపనవసరము లేదు.

బ్రేకులు

టూ స్ట్రోక్ బండిలో ఆక్సిలేటరు వదిలినపుడు ఇంజను వలన కలిగే నిరోధము తక్కువ. కనుక ఆపు భారమంతయు దాదాపు బ్రేకులదే. జపాను నమూనాలో ముందు చక్రానికి డిస్కు బ్రేకు, వెనుక చక్రానికి డ్రమ్ము బ్రేకు ఉండెను.

రాజ్‌దూత్ 350

భారతీయ నమూనాలో ముందు డిస్కుకు బదులు 7 అంగుళాల డ్రమ్ము బ్రేకు అమర్చిరి. దీని రెండు షూలును చక్రము తిరుగుట వలననే డ్రమ్మునకు మరింత గట్టిగా అదుముకొనును. అయితే మూసియున్న డ్రమ్ములో వేడి త్వరగా పోదు. వెంటవెంటనే బ్రేకు వేసినచో పట్టు తగ్గును. శక్తిని కూడ తగ్గించి, 30.5 అశ్వశక్తి గల హై టార్క్, 27 అశ్వశక్తి గల లో టార్క్ అను రెండు రకములు తయారుచేసిరి.

టూ స్ట్రోక్ ఇంజనులో మిశ్రమము కొంత మండకుండానే సైలెన్సరు ద్వారా బయటకు పోవును. అందువలన పెట్రోలు ఖర్చు, పొగ అధికము. 1985 నాటికి తక్కువ పెట్రోలుతో నడిచే 100 సి.సి. బండ్లు భారతీయ విపణిలోకి వచ్చినవి. వాటి పోటీ నడుమ 1990 నాటికి రాజ్‌దూత్ 350 ఉత్పత్తి ముగిసినది.