ఎముక వ్యాధియు వినికిడియు



వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలలో మూసీనది పుట్టి, హైదరాబాదు మీదుగా తూర్పునకు ప్రవహించి, నల్లగొండ సీమలో వాడపల్లి యొద్ద కృష్ణలో కలియుచున్నది. నది పుట్టినచోటికి పడమటనున్న తాండూరు నాపరాతికి పేరుగన్నది. ఆ రాయి సున్నపుజాతిది. నది చేరు నల్లగొండ నేల గ్రానైటు రాతిది. రాతిని బట్టి నీటి గుణము, నీటిని బట్టి యెముక గుణము మారుచుండును. ఆ యెముక వలన చెవికి కలుగు కీడును గూర్చి నేడు మనవి చేసెదను.

చెవి లోపలి భాగమంతయు కణత యెముకలో నిమిడియున్నది. కర్ణభేరి వెనుకనున్న మూడు చిన్న యెముకలు శబ్దమును లోనికి చేర్చును. అచ్చటినుండి శ్రవణనాడి యొక సన్నని యెముక సొరంగము గుండ మెదడునకు పోవును. ఆ చిన్న యెముకలు బిగిసినను, ఆ సొరంగ మిరుకైనను వినికిడి తగ్గును. పుట్టుకతోనే యెముకలు పెళుసై విరుగు అరుదైన వ్యాధి యొకటి కలదు. అందు కంటితెలుపు నీలిరంగు దాల్చుటయు, చెవుడు కలుగుటయు కూడియుండునని 1918లో హాలెండు వైద్యులు వాన్ డెర్ హూవె, డి క్లైన్ అనువారు తెలిపిరి.

మన సీమలో వేరొక యెముక వ్యాధి పుట్టుకతో గాక త్రాగునీటితో వచ్చెను. అదియే ఫ్లోరోసిస్. గ్రానైటు రాతిలోని ఫ్లోరైడు బావినీట కరగును. కాల్షియము మిక్కుటముగానున్న నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా నిలువజాలదు. కాల్షియము కొరవడినచోట నిలుచును. లీటరుకు 1.5 మిల్లిగ్రాములు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారికి పండ్లు గారపట్టును. మోతాదు హెచ్చినకొలది వెన్ను బిగిసి, కీళ్లు వంగక, యెముకలు దళసరియగును.

ఈ వ్యాధి చరిత్రలో గమనింపదగిన క్రమ మొకటి కలదు. 1934లో మహాజన్ అనువారు హైదరాబాదు సంస్థానపు పశువులలో దీనిని వర్ణించిరి. 1937లో గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూటు అధిపతి షార్టు, ఆయన సహచరులు, అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతముల మనుష్యులలో దీనిని నిరూపించిరి. 1955లో సిద్దిఖీ అను వైద్యుడు నల్లగొండ రోగులను గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నలులో వ్రాసెను. 1962లో రావు, సిద్దిఖీ అను నిరువురు ఫ్లోరోసిస్ రోగుల శ్రవణనాడిని పరీక్షించి తమ పరిశీలనలను ప్రకటించిరి. మొదట పశువు, పిమ్మట మనుష్యుని వెన్ను, కడపట చెవి!

ఇందుకు కారణము లేకపోలేదు. ఎద్దు కుంటినచో సేద్యము నిలుచును. కాపు వెంటనే కనిపెట్టును. నడుము వంగినవానిని ఊరంతయు చూచును. చెవి మందగించినవారిని మాత్రము ఎవరును గుర్తింపరు. పిలిచిన పలుకని ముదుసలిని చాదస్తురాలందురు. పాఠము వినబడని పిల్లవానిని మొద్దందురు. వ్యాధి చేసిన కీడునకు తోడు నింద కూడ వారి తలకెక్కును.

1970 దశకమున నాగపూరు శాస్త్రజ్ఞులు పటిక, సున్నము కలిపి నీటినుండి ఫ్లోరైడును తీయు మార్గమును కనుగొనిరి. దానికి నల్లగొండ పద్ధతి యని పేరు. 2016లో మిషన్ భగీరథ మొదలై, కృష్ణాజలములు ఆ పల్లెలకు గొట్టముల ద్వారా చేరసాగెను. అయినను ఎముకలో చేరిన ఫ్లోరైడు శీఘ్రముగ వదలదు. నొక్కబడి చెడిన నాడి నీరు మారినంతమాత్రమున బాగుపడదు.

కావున ఎముక వ్యాధి ఏదైనను, రోగి నడకతోపాటు చెవులను కూడ పరీక్షింపవలెను. తాండూరైనను నల్లగొండయైనను బావినీటిని పరీక్షింపక మంచిదని తలపరాదు. ఇంటిలో ఒకరు పలుకనపుడు, విసుగుకొనుటకు ముందు, వారికి వినబడినదా యని విచారింతురుగాక.