ఆయిల్ లీకు జాడ తీయడం (పాత బుల్లెట్)

1950ల నుంచి మద్రాసులో తయారైన, పోత ఇనుప సిలిండరున్న బుల్లెట్ 350ను పునరుద్ధరించేటప్పుడు ఓపికతో చేయవలసిన పని ఇది. మరక కనబడిన చోటే లీకు ఉండకపోవచ్చు: ఆయిల్ కిందికి జారుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పాకుతుంది. అందుకే ఇంజన్‌ను కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, టాల్కం పౌడరు చల్లి, కాసేపు నడిపి, అన్నిటికన్నా పైన, ముందువైపు తడిసిన చోటును పట్టుకోవాలి. రాకర్ మూతలు తరచూ కారుతాయి. ప్రైమరీ చైన్ మూతను మధ్యలో ఒకే నట్టు పట్టి ఉంచుతుంది. దాన్ని మరీ బిగిస్తే మూత వంగి లీకు ఇంకా పెరుగుతుంది. గ్యాస్కెట్లు మార్చడానికి ముందే చూడవలసింది మాత్రం బ్రీదర్ గొట్టం. అది పూడుకుపోతే క్రాంక్‌కేసులో పీడనం పెరిగి, కొత్త గ్యాస్కెట్లను దాటుకుని కూడా ఆయిల్ బయటికి తన్నుకొస్తుంది.