బోటిలోని తువ్వాలు ముక్క, మన దుడ్డెల కథ

పోస్టు కొంచెం పొడుగుంది, ఓపికతో చదవండి.

బోటి కడిగిన ప్రతి ఒక్కరికీ తువ్వాలు ముక్క తెలుసు. తువ్వాలు మీద పోగులు లేచినట్టు సన్నటి మొలకలు ఉంటయి. మేకైనా బర్రెైనా, నెమరేసే జీవానికి అది మొదటి పొట్ట. డాక్టర్లు రూమెన్ అంటరు. మేత అందులో పులుస్తది, పులిసినంక వచ్చే సత్తువను ఆ మొలకలే రక్తంలోకి గుంజుతయి. కానీ పాలు మాత్రమే తాగే పిల్లకు అదే పొట్ట చిన్నగా, దాదాపు నున్నగా ఉంటది. మరి మొలకలు ఎట్ల వస్తయి?

మాదాపూర్, కొత్తగూడ, కొండాపూర్, నానక్‌రాంగూడ ఒకప్పుడు మనలాంటి ఊర్లే. దుర్గం చెరువు చుట్టూ రాళ్ల గుట్టలు, బీళ్లు. దుడ్డె తల్లి వెంట తిరుక్కుంట రెండు గుక్కలు పాలు తాగేది, నాలుగు పోచలు కొరికేది. దాని పొట్ట గురించి ఎవరూ ఆలోచించలేదు. 1998 నవంబరులో వాజ్‌పేయి గారు మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించిండ్రు. ఆ తర్వాత ఆ దిక్కు బీళ్లు పోయినయి, అపార్ట్‌మెంట్లు లేచినయి, వాటికి పాలు కావాలె. మన శంకర్‌పల్లి, చేవెళ్ల దిక్కు తెల్లారకముందే పాలు బండెక్కుతున్నయి. దుడ్డెకు మిగిలేది ఆఖరి పిండుడు. "ఇంత గడ్డి వెయ్యి, పొట్ట అదే సాగుతది" అని మనోళ్లు అంటరు. ఆ మాటలో సగమే నిజం. రెండో సగానికి దుడ్డెలు బక్కచిక్కి చస్తున్నయి.

ఈ సంగతి తేలింది ఎక్కడో దూరంగా. 1940లలో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో జోసెఫ్ బార్‌క్రాఫ్ట్, ఆయన తోటివాళ్లు గొర్రెల మీద చూపించిండ్రు: రూమెన్‌లో మేత పులిసి చిన్న కొవ్వు ఆమ్లాలు అయితయి, అవి పొట్ట గోడలోంచే నేరుగా రక్తంలోకి పోతయి. ముఖ్యమైనవి మూడు. ఎసిటిక్, అంటే వెనిగర్‌లో ఉండేదే. ప్రొపియోనిక్. మూడోది బ్యుటిరిక్, ఆ పేరు వెన్న నుంచే వచ్చింది, చెడిపోయిన వెన్న కంపు దానిదే. పెద్ద పశువుకు కావాల్సిన సత్తువలో 60 నుంచి 70 శాతం వీటి నుంచే వస్తది.

అసలు పరీక్ష 1950లలో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో జరిగింది. వార్నర్, ఫ్లాట్, లూస్లీ అనే వాళ్లు దూడలను పాల మీదనే ఉంచి, కొన్నిటి రూమెన్‌లో ప్లాస్టిక్ స్పాంజీలు పెట్టిండ్రు. ఉత్త బరువు, పోషణ ఏమీ లేదు. పొట్ట సాగింది, కండ గట్టిపడ్డది, మొలకలు మాత్రం రాలే. ఆమ్లాల లవణాలు రూమెన్‌లోకి పోసిన దూడలకు వచ్చినయి. 1959లో అక్కడి వాళ్లే విడివిడిగా పోసి చూస్తే బ్యుటిరిక్, ప్రొపియోనిక్ బాగా పనిచేసినయి, ఎసిటిక్ అంతగా చెయ్యలే. స్పాంజీ ఉపాయం ఎవరికి తట్టిందో గానీ, నాకు భలే నచ్చింది.

1978లో జపాన్‌లో సకాటా, టమాటే ఇంకో మెట్టు ఎక్కిండ్రు. గొర్రెల రూమెన్‌లో బ్యుటిరిక్ ఒక్కసారిగా పెరిగితే లోపలి పొరలో కణాలు జోరుగా చీలి పెరుగుతున్నయని చూసిండ్రు. ఆ పొర తన సొంత ఇంధనంగా ఎక్కువ కాల్చుకునేది కూడా బ్యుటిరిక్‌నే. వింత ఏందంటే, గాజు గిన్నెలో పెంచిన కణాలకు అదే బ్యుటిరిక్ ఇస్తే పెరుగుదల ఆగుతది. అందుకే ఒంట్లో ఇన్సులిన్‌లాంటి హార్మోన్లు నడుమ పనిచేస్తయని శాస్త్రవేత్తలు అనుకుంటరు.

ఇప్పుడు మన కొట్టంలోకి వద్దాం. గడ్డి పులిస్తే ఎక్కువ వచ్చేది ఎసిటిక్. గడ్డితో పొట్ట సాగుతది, కండ వస్తది, నెమరు అలవాటైతది. మక్కలు, జొన్నలు, తవుడు, చెక్క కలిపిన దాణా పులిస్తే మిగిలిన రెండూ ఎక్కువ వస్తయి, మొలకలు వాటితోనే. మొలకలు లేని పొట్టలో ఎంత గడ్డి నింపినా సత్తువ రక్తానికి సరిగ్గా ఎక్కది. పొట్ట కుండలా, వెన్ను కత్తిలా కనబడే దుడ్డెను మీరు చూసే ఉంటరు. నట్టలతోనూ అట్లయితది, కానీ మందు తాపినా తేరుకోకపోతే మేత దిక్కు చూడాలె.

దాణాను పాలల్ల కలపొద్దు. దుడ్డె పాలు తాగేటప్పుడు గొంతు కింద ఒక కాలువ మూసుకుని పాలను రూమెన్ తప్పించి నాలుగో పొట్టకు పంపుతది, కలిపిన దాణా కూడా అటే పోతది. పులవాలంటే రూమెన్‌లో నీళ్లు ఉండాలె. పాలు అక్కడికి పోవు కాబట్టి మంచినీళ్లు విడిగా పెట్టాలె.

ముర్రుపాలు, మొదటి వారాల పాలు కోయొద్దు. రెండో వారం నుంచి గుప్పెడు దాణా మూతి దగ్గర పెట్టండి, మెల్లగ పెంచండి. వరసగా మూడు రోజులు కిలో దాకా తింటే పాలు తగ్గించొచ్చు. ఒకేసారి తట్టెడు పోస్తే ఆమ్లం మితిమీరి పొట్ట చెడుతది, అప్పుడు మేత ముట్టదు. మీ దిక్కు దుడ్డెలకు దాణాలో ఏమేం కలుపుతున్నరో రాయండి.