పొసగని సరుకులు, పొసగని బండ్లు: రవాణా సాఫ్ట్‌వేర్‌లో ఒక నియమం చరిత్ర

ఒకే లారీలో కలిపి వేయకూడని సరుకులుంటాయి. ఫలానా సరుకుకు పనికిరాని వాహనాలుంటాయి, ఫలానా వాహనం వెళ్లకూడని చోట్లుంటాయి. రవాణా నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి నిషేధాలను ‘ఇన్‌కంపాటిబిలిటీ’ అంటారు. తెలుగులో ‘పొసగమి’ అనవచ్చు. మిర్చి బస్తాల పక్కన టీ పొడి పెట్టెలు వేయకూడదని హమాలీలకు ఎవరూ పుస్తకం చూపి నేర్పలేదు. టీ పొడి ఘాటు పీల్చుకుంటుందని వాళ్లకు అనుభవం మీద తెలుసు. ఆ తెలివిని యంత్రానికి అప్పగించడానికి దశాబ్దాలు పట్టింది.

ఈ చరిత్రకు తొలి పుటలు ఓడరేవుల్లో ఉన్నాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలింది. అందులో దాదాపు 1,400 టన్నుల పేలుడు పదార్థాలున్నాయి. దారిలో కరాచీలో వేల కొద్దీ పత్తి బేళ్లు కూడా ఎక్కించారు. పత్తికి నిప్పంటుకుంది, మంట పేలుడు పదార్థాలను చేరింది. 800 మందికి పైగా చనిపోయారు. మూడేళ్ల తర్వాత, 1947 ఏప్రిల్ 16న, అమెరికాలోని టెక్సస్ సిటీ రేవులో అమ్మోనియం నైట్రేట్ ఎరువుతో ఉన్న గ్రాండ్‌క్యాంప్ ఓడ పేలింది. పక్కనే ఉన్న హై ఫ్లయర్ అనే ఓడలో అదే ఎరువుతో పాటు గంధకం కూడా ఉంది. అది మర్నాడు తెల్లవారుజామున పేలింది. పత్తి, ఎరువు, గంధకం అన్నీ మామూలు వ్యాపార సరుకులే. దేని పక్కన ఏది ఉందన్నదే ప్రాణాల మీదికి తెచ్చింది.

ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం 1956లో అపాయకర సరుకుల రవాణాపై తొలి సిఫారసులు వెలువరించింది. ఈ సరుకులకు నేడు వాడుతున్న తొమ్మిది వర్గాల విభజన ఆ సిఫారసుల పరంపరలోనిదే. యూరప్ రోడ్లపై ఈ సరుకుల రవాణాకు సంబంధించిన ఏడీఆర్ ఒప్పందంపై 1957లో జెనీవాలో సంతకాలు జరిగాయి, అది 1968లో అమల్లోకి వచ్చింది. సముద్ర రవాణాకు ఐఎండీజీ కోడ్ 1965లో వచ్చింది. భారతదేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు అపాయకర సరుకు మోసే బండ్లకు వర్గపు గుర్తులను, డ్రైవర్లకు శిక్షణను తప్పనిసరి చేశాయి. సాఫ్ట్‌వేర్ దృష్టితో చూస్తే వీటన్నిటిలో గొప్పది ఐఎండీజీ వేర్పాటు పట్టికే. రెండు వర్గాలు కలిసే గడిలో అది ‘వద్దు’ అని ఊరుకోదు. కాస్త ఎడంగా ఉంచాలా, వేరుగా ఉంచాలా, మధ్యలో పూర్తి గది అడ్డుండాలా, ఓడ పొడవునా ఒక గది ఎడం కావాలా అని నాలుగు మెట్లలో చెబుతుంది. పొసగమికి కొలత ఉంటుందని చూపిన పట్టిక అది.

గణిత శాస్త్రం వేరే దారిన వచ్చింది. 1959లో డాంట్జిగ్, రామ్సర్ అనే పరిశోధకులు పెట్రోలు బంకులకు ట్యాంకర్లు పంపే సమస్యను సమీకరణాల్లో పెట్టారు. అక్కడ బండికి ప్రధాన షరతు సామర్థ్యమే. 1981లో బ్రౌన్, గ్రేవ్స్ ఇంధన ట్యాంకర్ల పంపకాన్ని అప్పటికప్పుడు కంప్యూటర్‌తో నిర్ణయించే పద్ధతిని ప్రచురించారు. 1988లో నాగ్, గోల్డెన్, అస్సాద్ ‘ఈ చోటికి ఈ రకం బండ్లే వెళ్లగలవు’ అనే షరతును మార్గ నిర్ణయంలోకి తెచ్చారు. 2004లో జాన్‌డ్రో, లాపోర్ట్, సెమే ఒకదానితో ఒకటి పడని వస్తువులను తక్కువ పెట్టెల్లో సర్దే సమస్యపై పద్ధతులు ప్రకటించారు. పడని జంటలను గీతలతో కలిపితే అది పటానికి రంగులేసే లెక్క లాంటిదే: గీత కలిపిన రెండింటికీ ఒకే రంగు, అంటే ఒకే లారీ, రాకూడదు.

వాణిజ్య సాఫ్ట్‌వేర్‌కు ఈ జంటలను రాసుకునే తీరే పెద్ద చిక్కు. వెయ్యి సరుకులుంటే దాదాపు అయిదు లక్షల జంటలవుతాయి, అన్నీ ఎవరు రాస్తారు? అందుకే సరుకులను వర్గాలుగా చేసి, వర్గాల మధ్య నియమం రాసే పద్ధతి స్థిరపడింది. జర్మనీకి చెందిన శాప్ సంస్థ రవాణా సాఫ్ట్‌వేర్‌లో ఈ నిషేధాన్ని సరుకుకూ సరుకుకూ మధ్య, సరుకుకూ వాహనానికీ మధ్య, వాహనానికీ చోటుకూ మధ్య విడివిడిగా రాయవచ్చు. మొత్తం బండికి ఒక నియమం, బండి లోపలి అరకు మరో నియమం పెట్టవచ్చు. అరకు వేరే నియమం లేకపోతే ఒకే ట్యాంకర్‌లో పెట్రోలు, డీజిలు వేర్వేరు అరల్లో వెళ్లడం కూడా తప్పుగా తేలేది. కొన్ని నిషేధాలను దాటరాని గీతగా, కొన్నిటిని జరిమానాతో దాటగల గీతగా ఉంచడం మరో సౌకర్యం. అపాయకర సరుకుకు ఈ రెండో పద్ధతి వాడడం క్షమించరాని తప్పు. డబ్బు లెక్క కలిసివస్తే ఆ గీతను కంప్యూటర్ నిస్సంకోచంగా దాటుతుంది.

కాలం సంగతి ఆలస్యంగా పట్టింపులోకి వచ్చింది. అమెరికాలో చెత్త మోసిన లారీలే తిరుగు ప్రయాణంలో ఆహారం తెస్తున్నాయన్న వార్తలతో 1990లో ఆహార రవాణా పరిశుభ్రత చట్టం వచ్చింది. అక్కడ రెండు సరుకులూ ఏ క్షణంలోనూ పక్కపక్కన లేవు, అయినా పొసగవు. గూగుల్ ఉచితంగా విడుదల చేసిన ఓఆర్-టూల్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ తేడాకు రెండు వేరు నియమాలున్నాయి: ఒకే సమయంలో కలిసి ఉండకూడనివి, ఒకే బండి తన ప్రయాణం మొత్తంలో ఎప్పుడూ మోయకూడనివి. నిన్నటి ప్రయాణంలో ఏం మోసింది, మధ్యలో కడిగారా అన్న సంగతి మాత్రం బండి రికార్డులో ఎవరో ఒకరు నమోదు చేయాల్సిందే.

ఈ నమూనాలన్నిటిలో బలహీనత ఒక్కచోటే ఉంది. నిషేధాల పట్టికలో పేరు లేని జంటను సాఫ్ట్‌వేర్ అనుమతించినట్టే లెక్కిస్తుంది. వర్గం గడి ఖాళీగా వదిలిన కొత్త సరుకు దేని పక్కనైనా కూర్చుంటుంది. వర్గం లేని సరుకును ఏ బండికీ కేటాయించకుండా ఆపడమే సరైన ఏర్పాటు. ఆ వర్గాలు కూడా స్థిరమైనవి కావు: ఐక్యరాజ్యసమితి సిఫారసులను, వాటిని అనుసరించి ఏడీఆర్, ఐఎండీజీ నియమాలను రెండేళ్లకోసారి సవరిస్తారు.