అటాల్: పగడపు వలయ దీవి

నడిసముద్రంలో వలయాకారంగా పెరిగిన పగడపు దిబ్బను అటాల్ అంటారు. వలయం అంటే సరిగ్గా గుండ్రంగా ఉండాలని లేదు. కోలగా, వంకర టింకరగా, ఒక పక్క తెగిపోయి కూడా ఉండొచ్చు. లోపల లోతు తక్కువైన ఉప్పునీటి మడుగు ఉంటుంది. దాన్ని లాగూన్ అంటారు. దిబ్బ మీద ఇసుక, పగడపు ముక్కలు పేరుకుని సన్నటి దీవులు ఏర్పడతాయి. మన లక్షద్వీప్, దానికి దక్షిణాన మాల్దీవులు, చాగోస్, పసిఫిక్‌లో మార్షల్ దీవులు, తువాలు, కిరిబాటి ఇలాంటివే.

నావికులకు ఇవి ఎప్పటినుంచో తెలుసు. శాస్త్రజ్ఞులను తికమకపెట్టింది వీటి పునాది. దిబ్బలు కట్టే పగడపు జీవుల ఒంట్లో సూక్ష్మమైన శైవలాలు కాపురముంటాయి. వాటికి ఎండ కావాలి, కాబట్టి పగడాలు చాలావరకు 50 మీటర్ల లోపు, వెచ్చటి నీటిలోనే బాగా పెరుగుతాయి. అటాల్ బయటి అంచు దాటితే మాత్రం సముద్రం వేల మీటర్ల లోతుకు జారిపోతుంది. అంత లోతులో బతకలేని జీవి అక్కడ దిబ్బ ఎలా కట్టింది? మునిగిపోయిన అగ్నిపర్వతాల బిలాల అంచుల మీద కట్టిందని చార్లెస్ లయెల్ ఊహించాడు. ఇన్ని వందల అగ్నిపర్వతాలూ కూడబలుక్కున్నట్టు సముద్ర మట్టానికి కాస్త కిందే ఆగిపోయాయంటే నమ్మడం కష్టం.

చార్లెస్ డార్విన్ దీన్ని మరోలా చూశాడు. విశేషమేమిటంటే, అసలు పగడపు దిబ్బను కళ్లారా చూడకముందే, దక్షిణ అమెరికా పడమటి తీరంలో ఉండగానే ఆయనకీ ఆలోచన వచ్చింది. 1836 ఏప్రిల్‌లో హిందూ మహాసముద్రంలోని కోకోస్ కీలింగ్ దీవుల్లో దాన్ని సరిచూసుకుని, 1842లో పుస్తకంగా వేశాడు. సముద్రంలోంచి లేచిన అగ్నిపర్వతం చుట్టూ ఒడ్డునంటుకుని పగడాలు పెరుగుతాయి. చల్లారిన పర్వతం లక్షల ఏళ్ల మీద మెల్లగా కుంగుతుంది. అది కిందికి దిగుతుంటే పగడాలు వెలుతురు కోసం పైకి కట్టుకుంటూ పోతాయి. కొండకూ దిబ్బకూ మధ్య నీరు చేరుతుంది. చివరికి కొండ పూర్తిగా మునిగి, వలయం మిగులుతుంది. ఈ దశలన్నీ సొసైటీ దీవుల్లో ఇప్పటికీ వరసగా కనిపిస్తాయి: తాహితీలో కొండ ఇంకా ఎత్తుగా ఉంది, బోరా బోరాలో మడుగు నడుమ మొండి శిఖరం మిగిలింది, ఇంకా పడమటికి పోతే కొండ జాడే ఉండదు.

రుజువు కోసం 1896-98లో తువాలులోని ఫునాఫుటీ మీద బోరు వేశారు. 340 మీటర్ల దాకా దిగినా సున్నపురాయి తప్ప మరేదీ తగల్లేదు. 1952లో మార్షల్ దీవుల్లోని ఎనెవెటాక్ మీద అమెరికన్లు హైడ్రోజన్ బాంబు పరీక్షకు రంగం సిద్ధం చేస్తూ తవ్వినప్పుడు, సుమారు 1,400 మీటర్ల కింద నల్లటి అగ్నిశిల తగిలింది. డార్విన్ పోయి అప్పటికి 70 ఏళ్లు.

అయితే వలయం రూపానికి కుంగుబాటు ఒక్కటే కారణమంటే కుదరదు. మంచుయుగాల్లో సముద్ర మట్టం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా తగ్గింది. బయటపడ్డ సున్నపురాయిని వాననీరు కరిగించింది. నడిమి భాగం ఎక్కువగా కరిగి పళ్లెంలా లొత్తపడింది. నీరు మళ్లీ పెరిగినప్పుడు పగడాలు ఎత్తైన అంచునే పట్టుకున్నాయి.

లక్షద్వీప్‌కూ మన నేలకూ ఇక్కడో చుట్టరికముంది. తెలంగాణలోని అనంతగిరి కొండల కింది నల్లరాయి, సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి దక్కన్ లావా. భూగర్భంలోని ఏ వేడి ఊట దాన్ని కక్కిందో, భారత ఫలకం ఉత్తరానికి జరుగుతూ పోగా అదే ఊట లక్షద్వీప్, మాల్దీవులు, చాగోస్‌ల కింది పర్వత శ్రేణిని లేపిందని ఎక్కువమంది భూవిజ్ఞానుల అభిప్రాయం. ఇప్పుడది రీయూనియన్ దీవి కింద మండుతోంది.

దీవుల మీది మన్ను మాత్రం కొత్తది, గత కొన్ని వేల ఏళ్లలో పోగైంది. పగడాలు కొరికి పొడిచేసే చిలక చేపల విసర్జన కూడా అందులో గణనీయమైన వాటా. ఇసుకలో ఇంకిన వాననీరు తేలిక గనుక ఉప్పునీటి మీద పొరగా తేలుతుంది. బావులకు అదే ఆధారం. గట్టిగా తోడితే ఉప్పు పైకొస్తుంది. కోనసీమ తీరగ్రామాలకు ఈ బాధ కొత్త కాదు. కవరత్తిలో 2005 నుంచి వేరే దారి పట్టారు. తీరానికి దగ్గర్లోనే సముద్రం లోతుగా దిగిపోవడం అక్కడ అక్కరకొచ్చింది: 350 మీటర్ల కిందినుంచి గొట్టంతో చల్లటి నీరు లాగి, పైనున్న వెచ్చటి నీటి ఆవిరిని దానితో చల్లార్చి, రోజుకు లక్ష లీటర్ల మంచినీరు తీస్తున్నారు.

సముద్రం పెరిగితే అటాళ్లన్నీ మునుగుతాయని సాధారణంగా రాస్తుంటారు. తువాలు దీవుల పాత, కొత్త చిత్రాలను పోల్చి 2018లో వెలువడిన పరిశోధన ప్రకారం, 1971-2014 మధ్య అక్కడి నేల విస్తీర్ణం 2.9 శాతం పెరిగింది. అలలు ఇసుకను తెచ్చిపోస్తున్నాయి. అయితే ఆ ఇసుక బతికున్న దిబ్బనుంచి రావాలి. నీరు వేడెక్కితే పగడం తనలోని శైవలాలను వెళ్లగొట్టి తెల్లబడుతుంది, వేడి తగ్గకపోతే చస్తుంది. 1998, 2010, 2016లలో లక్షద్వీప్‌లో ఇదే జరిగింది.