రజాగారి చుక్క

సయ్యద్ హైదర్ రజా పేరెత్తితే అందరూ ఆయన చిత్రాలు పలికిన కోట్ల ధరలే చెబుతారు. బడిపంతులుని గనుక నాకు వేరే సంగతి గుర్తొస్తుంది. 1922లో మండ్లా జిల్లా అడవి పల్లెలో పుట్టిన ఆ పిల్లవాడికి చదువుమీద కుదురు లేకపోతే, పంతులుగారు గోడమీద ఒక చుక్క పెట్టి దాన్నే చూస్తూ కూర్చోమన్నారట. మనమైతే గోడకుర్చీ వేయించి ఉందుము! ఏళ్ల తర్వాత పారిస్‌లో ఆ చుక్కే 'బిందు'వై ఆయన చిత్రాల నడుమకొచ్చి కూర్చుంది.

విభజనప్పుడు అన్నదమ్ములు పాకిస్తాన్ వెళ్లారు, ఆయన వెళ్లలేదు. 1950 నుంచి అరవై ఏళ్లు ఫ్రాన్సులో ఉన్నా భారత పౌరసత్వం వదల్లేదు. సంతానం లేదు. బొమ్మలమీద వచ్చిన సొమ్ముతో 2001లో రజా ఫౌండేషన్ పెట్టి కుర్ర చిత్రకారులకు, కవులకు, సంగీత నాట్య కళాకారులకు ఆసరా అయ్యారు. 2016 జులైలో ఢిల్లీలో పోయారు. ఆయన కోరిక ప్రకారం మండ్లాలోనే, తండ్రి సమాధి పక్కన ఖననం చేశారు.